ఆదోనిలో ఫ్రాన్సు ఎవరు?

ఆదోని,
జూలై 8

తమ్ముడు గోవిందయ్యకు యూసుఫ్ సలాం.

ఇక్కడ అందరం క్షేమం. నీ మగ్గం, నీ నడుము రెండూ బాగున్నాయని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. నీ ఫోను మోగితే మీ ఆవిడ గిరిజమ్మ స్పీకరులో పెడుతుంది. నేను చెప్పేది నీకంటే ముందు మీ వీధికి తెలుస్తుంది. ఇది గుట్టుగా జరగాల్సిన పని.

మా పేట వెనక ఫుట్‌బాల్ మైదానం నువ్వు చూసిందే. దసరా నుంచి పత్తి సీజను. లారీలు నిలుపుకోవడానికి ఆ మైదానం ఇప్పించమని లారీ యజమానుల సంఘం అధ్యక్షుడు దేవేంద్ర మునిసిపాలిటీ చుట్టూ తిరుగుతున్నాడు. "ఆడ ఎవురు ఆడతాండారప్పా? గొర్రెలు తప్ప ఏముండాయి?" అంటున్నాడట. గొర్రెలున్న మాట నిజమే. కానీ మా పాత ఆటగాళ్ళ సంఘం కూడా ఉంది కదా! బట్టల అంగడి కొడుకు షాకిర్‌కు అప్పగించాక నాకున్న పని ఈ సంఘం ఒక్కటే.

అందుకని ఆగస్టు పదిహేనున మునిసిపాలిటీ వాళ్ళందరినీ పిలిచి ఒక ఆట చూపిస్తున్నాం. మామూలు ఆట కాదు. 1948లో, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, మన దేశపు జట్టు లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో ఆడింది. స్వతంత్ర దేశంగా మనం ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి ఫుట్‌బాల్ ఆట అది. దాన్ని ఉన్నదున్నట్టు ఆడి చూపిస్తాం. కళ్ళల్లో నీళ్ళు తిరగని వాడు ఉండడు.

నువ్వు చేయాల్సిందల్లా పదకొండు చొక్కాలకు లేత నీలం నూలు గుడ్డ నేసి, అక్కడే కుట్టించి పంపడం. దాంతో పాటు పాదాలకు చుట్టుకునే పట్టీలు. బూట్లు లేవు కనుక. నమూనాకు అప్పటి జట్టు ఫోటో జత చేశాను.

మీ అల్లుడు నాగేష్‌కు మాత్రం తెలియనివ్వకు. ఎమ్మిగనూరు జట్టు అతనిదే కదా. వాళ్ళను ఊరికే స్నేహపూర్వక ఆటకని పిలిచాను. మిగతాది సమయం చూసి నేనే చెప్తాను.

నీ అన్న,
యూసుఫ్

తా.క.: ఉత్తరం చదివి చించెయ్.

*

ఎమ్మిగనూరు,
జూలై 12

యూసుఫ్ అన్నకు గోవిందయ్య నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. చదివాను. మళ్ళీ చదివాను. చించలేదు. రేపు ఏదైనా తేడా వస్తే నీ చేతిరాత నా దగ్గర ఉండాలి.

నాకు మూడు అనుమానాలు. నువ్వు పంపిన ఫోటో నలుపు తెలుపు. అందులో ఆకాశం కూడా బూడిద రంగే. చొక్కా లేత నీలమని నీకెట్లా తెలిసింది? మిగిలిపోయిన నీలం నూలు నా దగ్గర ఉందని ఎవరైనా చెప్పారా?

రెండోది, పట్టీలు. దెబ్బ తగిలాక కట్టు కడతారు. నువ్వు ఆట మొదలుకాక ముందే కట్లు నేయమంటున్నావు. ఇది ఆటనా, కొట్లాటనా? ఎవరి కాళ్ళు విరగబోతున్నాయి?

మూడోది, నా అల్లుడు. అతన్ని పిలుస్తావు, కానీ ఎందుకు పిలుస్తున్నావో చెప్పవు. కాళ్ళు విరగబోయేది అతనివి కావు కదా?

దేశం తరఫున ఆడడానికి అంత దూరం పోయినవాళ్ళకు బూట్లు లేవంటే నేను నమ్మను. ఓడలోనో విమానంలోనో పోయినవాళ్ళు. లండన్‌లో దిగాక ఎవరో కొట్టేసి ఉంటారు. అది విచారించావా?

ఇట్లు,
గోవిందయ్య

తా.క.: గుడ్డ నేసేది నేను, కుట్టేది మా అమ్మాయి అరుణకుమారి. నాగేష్ భార్యే. నువ్వేమీ భయపడకు. మొగుడికి చెప్పొద్దని గట్టిగా చెప్పాను. ఏం చెప్పకూడదో తెలియాలి గనక మొత్తం వివరంగా చెప్పాను.

*

ఆదోని,
జూలై 17

గోవిందయ్యకు,

సలాం. తా.క. చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

నీ అనుమానాలకు జవాబులు. రంగు నేను ఊహించిందే. ఆ ఫోటో చూసినవాళ్ళు ఎవరూ అది ఎరుపని అనలేదు. బూట్లు ఎవరూ కొట్టేయలేదు. అప్పటి మనవాళ్ళలో చాలామందికి ఉత్త కాళ్ళతో ఆడడమే అలవాటు. కొందరు మేజోళ్ళు వేసుకున్నారు, కొందరు పట్టీలు చుట్టుకున్నారు. కెప్టెన్ నాగా కొండల నుంచి వచ్చి డాక్టరు చదువుతున్న యువకుడు. మన వైపు గోలు కొట్టింది మనకు పొరుగున మైసూరు వైపు ఆటగాడు. బూట్ల ఫ్రాన్సుకు చెమటలు పట్టించారు. మనవాళ్ళకు రెండు పెనాల్టీలు దొరికాయి. రెండూ పోగొట్టుకున్నారు. చివర్లో ఫ్రాన్సు ఇంకొక గోలు కొట్టింది. రెండు ఒకటితో ఓడిపోయాం. ఓడిపోయిన మనవాళ్ళకు ఆ ఊరి జనం నిలబడి చప్పట్లు కొట్టారని చదివాను. మా మైదానానికి కావాల్సింది ఆ చప్పట్లు.

కాబట్టి మేం ఇండియా. మీ నాగేష్ జట్టు ఫ్రాన్సు. వాళ్ళు బూట్లేసుకుని వచ్చి గెలిచిపోవాలి. ఇంతే. ఇందులో కాళ్ళు విరిగేది ఏముంది?

ఇక నా అనుమానం. మొన్న నాగేష్ ఆదోని బస్టాండులో కనిపించాడు. నన్ను చూసి పక్కకు తిరిగి చెరకు రసం తాగాడు. నేను పోయేదాకా తాగుతూనే ఉన్నాడు. అంత దాహం ఎవరికుంటుంది? నిజం చెప్పు, ఏం తెలుసు అతనికి?

యూసుఫ్

తా.క.: మా జట్టులో హారూన్ పెనాల్టీ వేస్తే ఇంతవరకు తప్పలేదు. "నేను తప్పించను సాబ్, మా పేటలో తల ఎత్తుకుని తిరగొద్దా?" అంటున్నాడు. రోజూ సాయంత్రం బయటికి కొట్టడం నేర్పిస్తున్నాను. బంతి వినడం లేదు.

*

ఎమ్మిగనూరు,
జూలై 23

మహారాజశ్రీ యూసుఫ్ సాబ్ గారికి,

గోవిందయ్య వ్రాయునది. ఇకమీదట మిమ్మల్ని అన్నా అని పిలవాలో లేదో ఆలోచించి చెప్తాను.

ఎవరు గెలవాలో, ఎన్ని గోల్స్ పడాలో, ఎవరు ఎక్కడ తప్పించాలో ముందే రాసి పెట్టారు. దీన్ని మా వీధిలో ఏమంటారో తెలుసా? మ్యాచ్ ఫిక్సింగ్ అంటారు. టీవీలో చూపిస్తారు. ముఖానికి గుడ్డ కప్పి తీసుకుపోతారు. ఆ గుడ్డ కూడా నన్నే నేయమనేటట్టున్నారు.

నాగేష్‌కు తెలిసిపోయింది. ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. అరుణకుమారి చెప్పలేదని ఒట్టేసింది. ఆమె వాళ్ళ అత్తకు మాత్రమే చెప్పిందట. అతను నా ఇంటికి వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"ఏమి మామా, ఆగస్టు పదైదు నాడు మేము ఫ్రాన్సు ఎట్లయితాము? జెండా ఎగరేసిన చేతుల్తో ఇండియాను ఓడించాల్నా? రేప్పొద్దున మా పిల్లోళ్ళు బడికి పోతే ఫ్రాన్సోని కొడుకు వచ్చినాడు అంటారు!"

అల్లుడు అడిగిందాంట్లో తప్పేముంది? "ఆదోనోళ్ళే ఫ్రాన్సు కావల్ల. మేమే ఇండియా. ఉత్త కాళ్ళతో ఆడేది మాకూ వస్తాది" అని చెప్పిపోయాడు.

ఇట్లు తమ విధేయుడు,
గోవిందయ్య

తా.క.: ఇంతకీ ఫ్రాన్సు వాళ్ళకు ఈ సంగతి తెలుసా? వాళ్ళ అనుమతి తీసుకున్నారా?

*

ఆదోని,
జూలై 30

శ్రీ గోవిందయ్య గారికి,

సలాం అని రాయడానికి కూడా చేయి రావడం లేదు. అయినా సలాం.

షేర్ ఆటో భీమన్న మీ వీధి మీదుగా వచ్చాడు. నీ ఇంటి ముందు తాడు మీద నీలం చొక్కాలు ఆరేశావట. లెక్కపెట్టమంటే పెట్టాడు. ఇరవై రెండు! నేను చెప్పింది పదకొండు. మిగతావి ఎవరివి? నాగేష్ వాళ్ళవి కదూ? ఇక్కడ నా గుడ్డ నేస్తూ, అక్కడ అదే గుడ్డ శత్రువుకు నేస్తావా?

రెండు వైపులా ఇండియానే దిగితే ఇండియాను ఓడించేదెవరు? చప్పట్లు ఎవరికి కొట్టాలి? దేవేంద్ర అప్పుడే మైదానానికి మనుషుల్ని పంపి ఎన్ని లారీలు పడతాయో గీతలు గీయిస్తున్నాడు. ఆ గీతలు మా వాళ్ళు చెరిపేశారు. గొర్రెలు సాయం చేశాయి.

నాకు ఇంకొక అనుమానం. ఆ దేవేంద్ర నీకేమైనా చెప్పి పంపాడా? ఆట పాడైతే లాభం అతనికే.

యూసుఫ్

తా.క.: హారూన్ నిన్న మొదటిసారి పెనాల్టీ బయటికి కొట్టాడు. కొట్టి ఏడ్చాడు. మేమంతా వాణ్ణి ఎత్తుకుని తిప్పాం.

*

ఎమ్మిగనూరు,
ఆగస్టు 5

యూసుఫ్ సాబ్ గారికి,

దేవేంద్ర ఎవరో నాకు తెలియదు. నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో తెలియదు. నా ఇంట్లో తిన్న మనిషివి, ఆ మాట ఎట్లా రాయబుద్ధయింది? ఉత్తరం చదివిన రోజు మగ్గం గుంటలోకి దిగలేదు. గిరిజమ్మ వచ్చి ఒంట్లో బాగలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఎవరైనా పోయినారా అని అడిగింది. ఇంకా పోలేదన్నాను.

చొక్కాలు ఇరవై రెండే. నువ్వు అడిగావు, నేశాను. అల్లుడు అడిగాడు, నేశాను. ఫ్రాన్సు చొక్కా నేయమని ఒక్కరైనా నన్ను అడిగారా? అడిగితే అదీ నేసేవాణ్ణి. నేసేవాడికి అందరూ ఒకటే.

అన్నీ నేనే స్వయంగా మోసుకొస్తాను. పార్సిలు వేస్తే దారిలో ఎవరో మార్చేశారని మళ్ళీ నా మీదే అనుమానపడతావు.

గోవిందయ్య

తా.క.: పట్టీలు మెత్తగా నేశాను. నీ వాళ్ళ వయసు విన్నాను గనక.

*

ఆదోని,
ఆగస్టు 10

గోవిందయ్యా,

దేవేంద్ర మాట నేను రాయకుండా ఉండాల్సింది. షాకిర్ వాళ్ళమ్మ కూడా అదే అంది. రా. అన్నం మా ఇంట్లోనే.

చొక్కాల సంగతి రిఫరీగా నేనే తేలుస్తాను. బొమ్మా బొరుసూ వేస్తాం. ఓడినవాళ్ళు చొక్కాలు తిరగేసి తొడుక్కుని ఫ్రాన్సు అవుతారు. నాగేష్‌కు చెప్పు.

యూసుఫ్

తా.క.: నాణెం నాదైతే మోసమంటాడేమో. అతన్నే తెచ్చుకోమను. కానీ ఆ నాణెం ముందు నేను చూడాలి.

*

ఎమ్మిగనూరు,
ఆగస్టు 18

యూసుఫ్ అన్నకు గోవిందయ్య నమస్కారాలు.

కర్నూలు ఆసుపత్రిలో నీ చీలమండకు పిండికట్టు వేశారని, నొప్పి తగ్గిందని షాకిర్ చెప్పాడు. కానీ ఆట సంగతి నీకు సగమే చెప్పాడట, నీ బీపీ పెరుగుతుందని. నేను మొత్తం రాస్తున్నాను. పడుకునే చదువు.

నాగేష్ నాణెం మీద నీకు, నీ నాణెం మీద నాగేష్‌కు అనుమానం వచ్చి రెండు జట్లూ ఒకరినొకరు తోసుకునేటప్పుడు, ఆపడానికి నువ్వు పరిగెత్తి బురదలో జారావు కదా. అంతవరకు నీకు తెలుసు. నిన్ను ఎక్కించుకుని ఆటో మలుపు తిరిగే సరికి మళ్ళీ వాన మొదలైంది. మైదానంలో ఇరవై రెండు మంది నీలం చొక్కాల ఇండియా. రిఫరీ లేడు. మునిసిపాలిటీ వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు.

అప్పుడు గొడుగు కింద నుంచి ఒక లావుపాటి మనిషి నవ్వాడు. అతనే దేవేంద్ర అని అప్పుడు తెలిసింది. "సూస్తిరా సార్? ఈడ ఆడేకి ఎదురుజట్టు కూడా లేదు. ఇంగ లారీలు పెట్టుకుంటాము" అన్నాడు.

నీ హారూన్ అతని కాళ్ళ వైపు చూశాడు. "అన్నా, నీకు బూట్లుండాయి. నీ డ్రైవర్లకూ ఉండాయి. నువ్వే రా ఫ్రాన్సుకు. భయమా?" అన్నాడు.

లారీల వాళ్ళు గుంపుగా వచ్చి ఉన్నారు కదా, ఒకటే ఈలలు. దేవేంద్ర వెనక్కి తగ్గే దారి లేదు. గొడుగు పక్కవాడికిచ్చి, గడియారం విప్పి, గోల్ కీపరుగా నిలబడ్డాడు. డ్రైవర్లు పదిమంది దిగారు. ఆగస్టు పదిహేనున ఫ్రాన్సు కావడానికి వాళ్ళకేమీ ఇబ్బంది లేదు. "యా ఊరి లోడైనా ఎత్తుతాము" అన్నారు.

ఎదురుగా ఫ్రాన్సు కనిపించగానే మన రెండు జట్లూ గొడవ మరిచిపోయాయి. ఆదోని సగం, ఎమ్మిగనూరు సగం ఒకటై ఇండియా అయ్యారు. మిగిలినవాళ్ళు గట్టు మీద నిలబడి అరిచారు. మీ సంఘంలో ఒకాయన ఈల ఊదాడు. ఫ్రాన్సు ఒకటి కొట్టింది. మన నాగేష్ ఒకటి కొట్టాడు. కొట్టగానే హారూన్ అతన్ని ఎత్తుకున్నాడు. మళ్ళీ ఫ్రాన్సు కొట్టింది. రెండు ఒకటి! నువ్వు రాసినట్టే జరుగుతోందని నాకు ఒళ్ళు జలదరించింది.

మొదటి పెనాల్టీ హారూన్ వేశాడు. నీ మాట నిలబెట్టాడన్నా. గోడ అవతలికి కొట్టాడు. జనం అయ్యో అన్నారు. వాడు నీ ఆటో పోయిన దారి వైపు చూసి దండం పెట్టాడు.

రెండోది వచ్చేసరికి ఎవరూ ముందుకు రాలేదు. తప్పించాలని అందరికీ తెలుసు. తప్పించడం ఎవరికీ ఇష్టం లేదు. నాగేష్ నా వైపు తిరిగాడు. "మామా, నువ్వు బంతి తన్నిన పాపాన పోలేదు. నువ్వయితే కచ్చితంగా తప్పిస్తావు. దేశం కోసం రా" అన్నాడు. పంచె ఎగ్గట్టి, నేను నేసిన పట్టీ నేనే చుట్టుకుని పోయాను. కళ్ళు మూసుకుని తన్నాను. దేవేంద్ర ఎడమకు పడ్డాడు. బంతి కుడికి పోయింది. బురదలో ఎంత మెల్లగా పోయిందంటే, ఆగిపో తల్లీ అని నేను లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. ఆగలేదు. గీత దాటింది.

రెండు రెండు. నీ చరిత్ర చెడిపోయింది. క్షమించు.

జనం నిలబడి చప్పట్లు కొట్టారు. మునిసిపాలిటీ వాళ్ళు తడుస్తూ కొట్టారు. దేవేంద్ర మాత్రం బురదలో కూర్చుని అరిచాడు. "ఇది సెల్లదు! పుస్తకం ప్రకారం ఫ్రాన్సు గెలవల్ల! నా గెలుపు నాకు కావల్ల! వచ్చే ఆదివారం మళ్ళీ ఆడల్ల. నేను గెలిచేదాకా ఈ గ్రౌండులో ఒక్క లారీ కూడా దిగేకి లేదు. లారీలకు ఇంగో తావు సూడండి సార్!" అందరి ముందే అన్నాడు. నాగేష్, హారూన్ ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవడం విన్నాను. ఎంతకాలమైనా సరే, ఆ మనిషిని గెలవనివ్వకూడదని తీర్మానించుకున్నారు.

తొందరగా లేచి రా. దేవేంద్రకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. నువ్వు కావాలనే జారిపడ్డావని.

నీ తమ్ముడు,
గోవిందయ్య

తా.క.: నా కుడికాలు వాచింది. మగ్గం తొక్కలేకపోతున్నాను. ఈ వయసులో ఆటలేమిటని తిడుతుందని, ఆటో దిగుతుంటే బెణికిందని గిరిజమ్మకు చెప్పాను. వేడినీళ్ళు పెట్టింది. నమ్మిందనుకున్నాను. కానీ పొద్దున్నుంచి గడప తొక్కిన ప్రతివాళ్ళకూ చెప్తోంది: "మా ఆయన ఆటో దిగుతాంటే ఇండియాకు గోలు కొట్టినాడు."