చాందా చర్చిలో నా మరాఠీ

అమ్మా,

నీకు చదవడం రాదు. వచ్చిన ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేవాణ్ణి. ఇది మాత్రం నీకు ఎవరూ వినిపించకపోవడమే మంచిది.

నువ్వు పోయిన ఈ ఏడాదిలో మన రాజురా హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. కచేరీలో అంతా మరాఠీయే. నాలాంటి తెలుగు గుమాస్తాలను పంపేస్తారని పుకారు. నిన్న నాగపూర్ నుంచి వచ్చిన కొత్త సాహెబుతో చాందా వెళ్లి, నువ్వు చూడాలని ముచ్చటపడ్డ రాతి చర్చి చూశాను. నువ్వు విన్నది నిజమే. కోసుగా లేచిన ఆ కమానుల కింద పాత గుడి స్తంభాలే పునాదిగా ఉన్నాయి.

బెంచీలు తుడుస్తున్న ముసలమ్మ నన్ను చూసి, "ఏ ఊరు బిడ్డా? మనోని లెక్కున్నవ్" అంది. అచ్చం నీ మాటే. సాహెబు పక్కనే ఉన్నాడు. తెలుగు రానట్టు, "ఏమన్నావు ఆజీ?" అని మరాఠీలో అడిగాను.

ఆమె నొచ్చుకుంది. తనకు మరాఠీ సరిగా రాదని, ఏమనుకోవద్దని చేతులు జోడించింది. ఆ తర్వాత నా కోసం వచ్చీరాని మరాఠీలో ఆ రాళ్ల కథంతా చెప్పింది. మాట దొరక్క ఆగిన ప్రతిసారీ ఆ మాట నాకు తెలుసు. అయినా అందించలేదు.

బయల్దేరుతుంటే నా తల నిమిరి, నాకర్థం కాదనుకుని, "నిన్ను కన్న కడుపు సల్లగుండ, బిడ్డా" అంది.

ఆ దీవెన నీది. అర్థం కానట్టే నిలబడి తీసుకున్నాను.