జునిపర్ వీపు మీది తెల్లమచ్చల గురించి వెర్నా ఉగాల్డే వీలునామా

నెవాడా రాష్ట్రం, ఎల్కో కౌంటీ కాపురస్తురాలను, కీ.శే. క్లీట్ ఉగాల్డే భార్యను, వయస్సు డెబ్బై తొమ్మిదేళ్ళు, గుర్రాలకు జీనులు కుట్టి అమర్చి బతికిన వెర్నా ఉగాల్డే అను నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. మోకాళ్ళు పోయాయి గానీ బుర్ర భేషుగ్గా ఉంది. లేదనేవాడెవడైనా ఉంటే నా ఎదురుగా వచ్చి అనమనండి.

1. దీన్ని అమలు జరపవలసినవాడు నా మరిది మార్సెల్. తోలుకు బెజ్జాలు కొట్టే నా పట్టకారుని, నేను పోయేదాకా ఆగలేక, ఆరేళ్ళ కిందటే పట్టుకుపోయాడు. కనుక అతనికి వేరే వాటా లేదు.

2. నా కొడుకు రాయ్స్‌కి వాడు మనసుపడి కొన్న వెండిబిళ్ళల జీను. నా మాట వినకుండా ఎక్కడో కొనుక్కొచ్చి, బాకీ కింద నాకే అంటగట్టాడు. కొనేముందు అందరూ చేసే పనే వాడూ చేశాడు. తను ఎక్కి కూర్చుని, "అబ్బ, ఎంత హాయిగా ఉందే అమ్మా!" అన్నాడు. ఒరే నాయనా, మోసేది నువ్వు కాదురా! ముందు గుర్రం వీపు చూడాలి, నీ పిర్రల సంగతి తర్వాత. దాని లోపలి చెక్క చట్రం మరీ ఇరుకు, మన గుర్రాల్లో ఒక్కదానికీ పట్టదు. సదరు జీనును హాల్లో పెట్టుకుని, దానిమీద కూర్చుని బీరు తాగవలెను. గుర్రం మీద వేసిన మరుక్షణం వాటా రద్దు.

3. కొట్టు, కుట్టుమిషను, తోళ్ళు, ఈ లోయలోని గుర్రాల వీపులకి తీగ వంచి కొలిచి అట్టల మీద నేను గీసుకున్న నాలుగు వందల పైచిలుకు గీతలు, నా కూతురు ఐడోయాకి సర్వహక్కులతో. షరతులు లేవు. పదకొండేళ్ళుగా నాతో మాట్లాడని పిల్లకి షరతులు పెట్టే మొహమా నాది?

4. పదకొండేళ్ళ కిందట, దూడలకి గుర్తు కోసం వాతలు వేసే రోజున, మా ఆయన గుర్రం జునిపర్ మీంచి ఐడోయా జీను దింపింది. అది నేను కుట్టిన జీనే. "అమ్మా, ఇటు చూడు. వీపంతా చెమటతో తడిసింది. భుజాల వెనక రెండుచోట్ల మాత్రం అరచేతంత మేర పొడిగా ఉంది. జీను అక్కడ నొక్కేస్తోంది" అంది. చూడగానే నాకూ తెలిసింది. అయినా వాతలకి సాయమొచ్చిన నలభైమంది ముందు, "నిన్నగాక మొన్న పుట్టి నాకు చెప్పొచ్చావా? ముందు సరిగ్గా కూర్చోవడం నేర్చుకో!" అన్నాను. అందరూ నవ్వారు. క్లీట్ మరీ ఎక్కువ నవ్వాడు. పిల్ల అన్నం తినకుండానే విన్నెమక్కా ఊరికి వెళ్ళిపోయింది.

నేనేం చేశాను? జీను కింద ఇంకో కంబళి వేశాను. బిగుతు బూట్లో రెండో మేజోడు తొడిగినట్టు అది మరింత నొక్కింది. చలికాలానికి ఆ రెండుచోట్లా తెల్లవెంట్రుకలు వచ్చాయి. అవి ఇక పోవు. జునిపర్ చచ్చేదాకా రోజూ దువ్వుతూ వాటిని చూశాను. సిగ్గుతో చచ్చాను.

కాబట్టి నేను పోయాక వచ్చే వాతల రోజున, మార్సెల్ ట్రక్కెక్కి అందరి ముందూ గట్టిగా చదవవలెను: "ఐడోయా చెప్పింది నిజం. తప్పు వెర్నాది. ఆ సంగతి ఆవిడకి ఆ రోజే తెలుసు."

5. పై 4వ నిబంధనలో మార్సెల్ చదవవలసిన భాగం కొట్టివేయడమైనది. సాక్షి సంతకానికి వచ్చిన బానీ లస్క్ అది చదివి కలం కింద పడేసింది. "చచ్చాక మరిది నోటితో చెప్పిస్తావా? నీ నోటికేం రోగం? ఈ పిరికి కాగితం మీద నేను సంతకం పెట్టను పో!" అంది. దాన్ని నానా తిట్లూ తిట్టాను. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత ఐడోయాకి ఫోన్ చేశాను. శనివారం మా ఇంటి దగ్గర దూడలకి వాతలనీ, అందరి ముందూ నేను చెప్పాల్సిన మాట ఒకటుందనీ, అదేమిటో కూడా చెప్పాను. పిల్ల వస్తానని అనలేదు. "ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది.

తేదీ: 2011 మే 12, గురువారం
(సంతకం) వెర్నా ఉగాల్డే

సాక్షులు:
1. బానీ లస్క్ (కొట్టివేత అయ్యాకే సంతకం చేశాను)
2. హార్లన్ పీట్