అందరూ తిట్టే హోటలు

నాన్నా, కాళ్ళు లాగడం తప్ప నేను బాగానే ఉన్నాను.

చెయ్యి మళ్ళీ డాక్టరుకు చూపించుకోవడానికి ఈ ఊరు రానన్నారని అమ్మ చెప్పింది. కిందటిసారి హోటల్లో ఎవడో సీటు కోసం మీ కుర్చీ వెనకాలే నిలబడితే, అన్నం సగంలో ఉండగానే లేచిపోయారు. పక్షవాతం వచ్చిన చెయ్యి మెల్లగా కదులుతుంది, దానికి సిగ్గెందుకు?

నా గదిలో వంటకు ఒప్పుకోరు. అందుకే నేను కుట్టుపని చేసేచోట, మీరొస్తే తినడానికి మంచి హోటల్ ఏదని అడిగాను. ఇంకేముంది, మిషన్లు ఆగిపోయాయి. కటింగ్ మాస్టరు స్టేషను ఎదుటి హోటల్ని ఆకాశానికెత్తాడు. కాజాలు కుట్టే అక్క "అక్కడ తింటే కడుపు గోవిందా" అంది. రుచి కోసం దెబ్బలాడుకున్నారే గాని, తీరిగ్గా తిననిస్తారా అన్నది ఎవరికీ పట్టలేదు. చివరికి ఇస్త్రీ పెద్దాయన, "పోస్టాఫీసు సందులో అందరూ తిట్టే హోటలుంది, మీ నాన్నని అక్కడికి తీసుకెళ్ళమ్మా. ఎప్పుడూ ఖాళీయే, ఎవరూ లేపరు" అన్నాడు.

ఆదివారం వెళ్ళాను. నిజంగానే కూరలో ఉప్పు లేదు. వారం అలసటంతా ముంచుకొచ్చి, తిన్నచోటే గోడకానుకుని నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి ఎవరో నా గ్లాసు నిండా మళ్ళీ నీళ్ళు పోసి వెళ్ళారు.

అమ్మ కళ్ళజోడు బాగుచేయించారా? పెరటి కుళాయి ఇంకా కారుతోందా? నా పాత దుప్పటి తీసుకురండి, ఇక్కడ చలి మొదలైంది. అమ్మకు, పిన్నికి నమస్కారాలు.

వచ్చే ఆదివారం బస్సెక్కండి నాన్నా. ఉప్పు నేను పొట్లం కట్టుకొస్తాను.

మీ పెద్దమ్మాయి