సీసాలో కొన్న అడవి

న్యూ రాస్,
నవంబరు 2

ముద్దుల చెల్లెలు లొరేన్‌కి,

ఈ క్రిస్మస్‌కి మా ఇంటికి రావద్దు. వచ్చేటట్టయితే ఆ సెంటు పూసుకోకుండా రా. చెప్పేశాను, బరువు దిగింది.

ఏ సెంటని అడగకు. డిసెంబరు వచ్చిందంటే చాలు, హాలిఫాక్స్ నుంచి ఒళ్లంతా ఫర్ చెట్టు వాసనతో, అదే మన క్రిస్మస్ చెట్టు వాసనతో దిగుతావు చూడు, అదే. పోయినేడు చర్చి విందులో పక్కింటి హిల్డా పెద్దమ్మ నీ మెడ దగ్గర వాసన చూసి, "అబ్బ! మీ నాన్న ఎదురుగా నిలబడినట్టే ఉందే తల్లీ!" అని కళ్లు తుడుచుకుంది. పక్కనే ఉన్నాను నేను. నాన్న పోయిన ఈ ఎనిమిదేళ్లుగా ఆయన తోటలో క్రిస్మస్ చెట్లు నరికేది నేను, కట్టలు కట్టేది నేను, లారీకెత్తేది నేను. నన్ను చూసి ఆవిడ అన్నదేమిటి? "వెర్నా, నీ జుట్టుకేదో అంటుకుందే." అంటుకున్నది చెట్టు జిగురు! వెన్న రాసి గంటసేపు తోమితేగానీ వదలదు.

మీ బావ సంగతి సరేసరి. నువ్వు కోటు విప్పావో లేదో, "లొరేన్ వస్తే అడవే ఇంట్లోకొచ్చినట్టుంటుంది" అన్నాడు. అదే నేను తోటలోంచి వస్తే, "ముందు స్నానం చెయ్యవే, మోటారు రంపం పెట్రోలు కంపు!" అంటాడు. ఒళ్లు మండిపోయింది. వంటింట్లోకి పోయి ఏడ్చి, ఉల్లిపాయల మీదికి నెట్టేశాను. నా ఒంటికి పట్టింది కంపు, నువ్వు డబ్బులు పోసి కొన్నది సువాసన. అసూయ అంటావా? అవును, అసూయే.

మీ అక్క,
వెర్నా

హాలిఫాక్స్,
నవంబరు 6

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు చింపేద్దామనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. పద్దెనిమిదేళ్లప్పుడు తోటలో పనికొస్తానని నాన్నని ఎంత బతిమాలానో నీకు తెలియదు. "నీకెందుకే ఈ బండచాకిరీ, పోయి చదువుకో" అని బస్సెక్కించాడు. తోట నీకు రాసిచ్చాడు. నువ్వు జుట్టు నిండా జిగురుతో ఇంట్లోకి వచ్చినప్పుడల్లా నాకు కడుపు మండేది. నువ్వు పైకి చెప్పావు, నేను ఇన్నాళ్లూ దాచుకున్నాను, అంతే తేడా.

ఇప్పటికి నాలుగు రకాల సెంట్లు మార్చాను. ఏదీ మన తోట వాసన కాదు. భోజనాల దగ్గర నీ పక్క కుర్చీ కోసం మీ పిల్లలతో పోట్లాడేది ఎందుకనుకున్నావు? నువ్వెంత తోముకున్నా నీ చెవి వెనక ఆ వాసన ఉంటుంది. పండక్కి రావద్దంటే రాను. ఒక్కసారి చెట్లు నరికే పనికి పిలువు.

నీ,
లొరేన్

న్యూ రాస్,
నవంబరు 9

లొరేన్,

చదివి జాలిపడాలి కదా? నాకు ఇంకా కుళ్లు పుట్టింది. నిన్ను నాన్న కనీసం వద్దన్నాడు. నీకిది కావాలా అని నన్ను అడిగినవాళ్లే లేరు. పెద్దదాన్ని కదా, రంపం చేతికిచ్చి ఊరుకున్నారు. నాకూ ఆ బస్సెక్కాలని ఉండేది. ఈ మాట మీ బావకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పద్నాలుగో తారీఖున లారీ వస్తుంది. రా. ఆరువందల చెట్లున్నాయి, తనివితీరా నరుక్కో. మీ బావకి వంట కూడా నువ్వే. నేనుండను. ఆ వారమంతా నీ ఇంట్లో సోఫా మీద కాళ్లు చాపుకుని కూర్చుంటాను. తాళంచెవి పంపించు.

వెర్నా