ఊర్మిళ కోసం రాయని పేజీ

2022 మార్చి 17, గురువారం

సెయింట్ పాట్రిక్స్ డే, ఐర్లండ్ వాళ్ళ పెద్ద పండగ. కార్లో టౌనంతా ఆకుపచ్చ. పరేడ్‌లో ట్రాక్టర్లు వెళ్తుంటే రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను, బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. రిజెక్టెడ్. వెరీ గుడ్, వెరీ గుడ్ అంటూ మూడు పేరాలు పొగిడి నాలుగోదాంట్లో లేదన్నారు. నేను పైప్ బ్యాండ్ చూడకుండా ఫోన్ చూస్తున్నానని చాందిని అలిగింది. తొమ్మిదేళ్ల పిల్లకి పైప్ బ్యాండే లోకం.

ఐదేళ్ల గ్రాంట్. బంగాళాదుంప తెగులు మీద. ఒకప్పుడు ఆ తెగులుతో కరువొచ్చి లక్షల మంది పోయిన ఈ దేశంలో దాని మాటెత్తితే బస్‌స్టాప్‌లో ముసలాయన కూడా ఆగి వింటాడు. ఇలాంటి చోట కూర్చుని అడిగినా ఇవ్వలేదు.

సాయంత్రం 5

ఊర్మిళ ఫోన్ చేసింది, బ్రిటన్‌లోని బ్రిస్టల్ నుంచి. దానికి వచ్చింది. అదే గ్రాంట్. అదే తెగులు. ఎనిమిది దేశాల ల్యాబులు, వాటన్నిటికీ ఇదే లీడర్. కంగ్రాట్సే అని గట్టిగా అరిచాను. నా అరుపు విని మనకే వచ్చిందనుకుని మా ఆయన నిఖిల్ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. పాపం, వాడి మొహం చూడాల్సింది.

మార్చి 18

ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి నిజమే రాస్తాను. కుళ్ళుగా ఉంది. రాత్రి అన్నం దిగలేదు.

హైదరాబాదులో ఇద్దరికీ ఒకే గైడ్, ఒకే ల్యాబ్, ఒకే మైక్రోస్కోప్. నేను పొద్దున ఎనిమిదింటికి వెళ్ళేదాన్ని. అది పదకొండుకి వచ్చి, టీ తాగి, నేను మూడు రోజులుగా తంటాలు పడుతున్నదాన్ని అరగంటలో తేల్చేసేది. పైగా మంచిది. అదే అసలు బాధ. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. నాకు థీసిస్ అప్పుడు జ్వరమొస్తే నా గ్రాఫులన్నీ కూర్చుని గీసింది. నాకన్నా బాగా గీసింది.

ఇంకో నిజం. 2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి పోతానని ఓటేసిన రోజు, నిఖిల్ టీవీ ముందు అయ్యయ్యో అంటుంటే నేను మాత్రం లోపల మురిసిపోయాను. నాకు ఓటు లేని దేశం, నాకు సంబంధం లేని గొడవ. ఇంక ఊర్మిళకి బ్రేకు పడుతుంది, నేను ఐర్లండ్‌లో, లోపలే ఉన్నాను కదా, ఇప్పుడు నా వంతు అనుకున్నాను. ఆరేళ్లు ఎదురుచూశాను. లోపలున్న నాకు రాలేదు. బయటున్న దానికి వచ్చింది.

ఏప్రిల్ 9, శనివారం

ఊర్మిళ ఏడుస్తూ ఫోన్ చేసింది. బ్రిటన్‌తో సైన్స్ ఒప్పందం ఇంకా కుదరలేదట. జూన్ 29 లోపు యూనియన్‌లో ఉన్న ఏదో ఒక యూనివర్సిటీకి మారితేనే గ్రాంట్, లేకపోతే రద్దు. అక్కడే ఉండిపోతే బ్రిటన్ ప్రభుత్వం అంత డబ్బూ ఇస్తుందట, కానీ ఎనిమిది దేశాలకి లీడర్‌గా ఉండనివ్వరు. భోజనం పెడతాం, పీట మాత్రం వేయం అంటున్నారే అంది.

ఊరుకో, ఊరుకో అని గంటసేపు ఓదార్చాను. ఓదారుస్తున్నంతసేపూ లోపల చల్లగా ఉంది. ఛీ.

ఏప్రిల్ 20, బుధవారం

మా దగ్గరికి వస్తుందట! ఇక్కడికి, కార్లోకి! వాళ్ళాయన బ్రిస్టల్ హాస్పిటల్లోనే ఉంటాడు, తను వారాంతాలకి విమానంలో వెళ్ళొస్తుంది. ఎక్కడికో పోయి తెలియని మొహాల మధ్య ఉండేకన్నా నీ పక్కన ఉంటానే కిరణ్ అంది. రావే, అంతకన్నా ఏం కావాలి అన్నాను. ఫోన్ పెట్టేసి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

ఏప్రిల్ 26

మా క్యాంపస్‌లో రీసెర్చ్ ఆఫీసు చూసేది హెలెన్. అరవై ఏళ్లుంటాయి, ఏ పనైనా గ్రాండ్ అంటుంది, ఇక్కడ సరే, బాగుంది అనడానికి అదే మాట. ఊర్మిళ రావడానికి కావలసిన కాగితాలన్నీ రెండు రోజుల్లో తనే సర్దేసింది. ఇంక మిగిలింది ఒక్క పేజీ. ఈమెని మేమెందుకు చేర్చుకుంటున్నాం, ఏ ల్యాబ్ ఇస్తాం, ఎవరు తోడుంటారు. ఆ సబ్జెక్టు తెలిసినవాళ్ళే రాయాలట. అంటే నేనే. షేర్డ్ డాక్యుమెంట్ తెరిచి పెట్టింది.

డీన్ ఉబ్బితబ్బిబ్బైపోతున్నాడు. నా ల్యాబుకీ స్టోర్ రూముకీ మధ్య గోడ కొట్టించి ఊర్మిళకి పెద్దది చేసిస్తాడట. ఏడేళ్లుగా నేనొక డీప్ ఫ్రీజర్ అడుగుతున్నాను. దానికి గోడలే కూలుస్తారు, నాకు ఫ్రీజర్ లేదు.

మే 3

ఒక వాక్యం రాశాను. చెరిపేశాను.

మే 12, గురువారం

నాకో అలవాటుంది. ఆఫీసు డాక్యుమెంట్లలో పక్కన కామెంట్లు తెలుగులో పెట్టుకుంటాను. హెలెన్‌కి రాదు, డీన్‌కి రాదు, క్యాంపస్ మొత్తంలో ఎవరికీ రాదు. మూడేళ్ల కిందటి బడ్జెట్ ఫైలులో డీన్ పేరు పక్కన నేను రాసినవి చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. హెలెన్ అడిగితే నోట్స్ అంటాను. గ్రాండ్ అంటుంది.

ఇవాళ ఊర్మిళ పేజీ మీద మూడు పెట్టాను. లీడర్ అనే మాట పక్కన: "ఇది నా చేత్తో రాయాలట." ల్యాబ్ సంగతి పక్కన: "వచ్చిన నెలకల్లా నా స్టూడెంట్లు దీని వెనకే తిరుగుతారు." పేజీ అడుగున: "జూన్ ఆఖరు దాకా నాన్చితే అదే మానుకుంటుంది."

రాశాక కాస్త కడుపు మంట తగ్గింది. ఇంటికెళ్ళి దోసెలు పోశాను.

మే 23

పేజీ అయిందా అని ఊర్మిళ అడిగింది. డీన్ ఊళ్ళో లేడు అని చెప్పాను. డీన్ క్యాంటీన్‌లో నా ఎదురుగానే కూర్చుని స్కోన్ బన్ను తింటున్నాడు.

తర్వాత చాందినితో మాట్లాడింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో, అదీ పక్కా కార్లో యాసలో జవాబు చెప్పే నా కూతురు, ఊర్మిళ ఆంటీతో మాత్రం నానా తిప్పలూ పడి తెలుగు మాట్లాడుతుంది. ఆంటీ, నువ్వు మా ఇంట్లో ఉండాలి, నా రూమ్ ఇస్తా అంది. నాతో ఏ రోజూ అంత పొడవు తెలుగు వాక్యం అనలేదు. ఇది కూడా దానికేనా?

జూన్ 1

ఇరవై రోజులుగా ఆ ఫైలు తెరవలేదు. అడిగితే బిజీ అంటున్నాను. హెలెన్ ఏమైనా సాయం కావాలా అంది. వద్దన్నాను.

జూన్ 7, మంగళవారం, మధ్యాహ్నం

తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను.

హెలెన్ నవ్వుకుంటూ వచ్చింది. నువ్వు పనిలో మునిగిపోయావు కదా, నీకు బరువు తగ్గిద్దామని పొద్దునే ఆ డాక్యుమెంట్ డాక్టర్ ఊర్మిళకి షేర్ చేశాను, తన భాగం తనే నింపుకుంటుంది అంది. పైగా, మీ భాషలో నువ్వు రాసుకున్న నోట్స్ ఆవిడకైతే అర్థమవుతాయి కదా, అదీ గ్రాండ్ అంది.

పరిగెత్తుకెళ్ళి తెరిచాను. మొదటి రెండు కామెంట్ల దగ్గర ఏమీ లేదు. మూడోదాని కింద ఊర్మిళ పేరుతో, పొద్దున తొమ్మిదీ నలభైకి: "జూన్ ఆఖరు దాకా ఎందుకులే. ఇవాళే మానుకుంటున్నా."

3.30

ఫోన్ ఎత్తడం లేదు. పదకొండుసార్లు చేశాను.

జూన్ 8

పేజీ రాసేశాను. నలభై నిమిషాలు పట్టింది. నలభై రోజులు నాన్చినదానికి నలభై నిమిషాలు! ఈ తెగులు మీద ఊర్మిళ అంత తెలిసినవాళ్ళు యూరప్ మొత్తంలో నలుగురుంటే గొప్ప, ఆమెని చేర్చుకోవడం మాకు గౌరవం అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. రాస్తుంటే మళ్ళీ కుళ్ళు పుట్టింది, అయినా రాశాను. డీన్ సంతకం పెట్టాడు. పన్నెండింటికి ఊర్మిళకి పంపాను.

నిఖిల్‌కి అంతా చెప్పాను. ఇదే ఇంకెవరైనా నీకు చేసుంటే ఏం చేసేదానివి అన్నాడు. ఏం చేసేదాన్నో ఇద్దరికీ తెలుసు.

జూన్ 10, శుక్రవారం

ఊర్మిళే ఫోన్ చేసింది. తిడుతుందనుకుని కారులో కూర్చుని తలుపులు వేసుకున్నాను. తిట్టలేదు.

ఏప్రిల్లోనే నెదర్లాండ్స్ వాళ్ళు రమ్మన్నారట. పెద్ద యూనివర్సిటీ, పెద్ద ల్యాబ్. కిరణ్ దగ్గరికి వెళ్తున్నాను అని వాళ్ళకి వద్దని చెప్పిందట. మొన్న నా కామెంట్లు చదివాక వాళ్ళని మళ్ళీ అడిగితే, ఆ చోటు ఇంకెవరికో ఇచ్చేశాం అన్నారట. కొత్తగా ఇంకెక్కడైనా మొదలుపెట్టడానికి ఇరవై రోజులు చాలవు.

నా పేజీ అందింది కదా, సంతకం కూడా అయింది, వచ్చెయ్యవే, కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. రానంది. నువ్వు నా పక్క బెంచీ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ ఆ మూడు కామెంట్లే చదువుకుంటానే, పని చెయ్యలేను అంది. కోపంగా అనలేదు. ప్రయోగం ఫలితం చెప్పినట్టు చెప్పింది.

ఇంకో మాట కూడా అంది. 2016లో ఓటు వచ్చిన పొద్దున తనకి మొట్టమొదట గుర్తొచ్చింది నేనేనట. అది అదృష్టవంతురాలు, లోపల ఉంది అనుకుని బాత్‌రూములో కూర్చుని ఏడ్చిందట. అప్పట్నుంచీ యూరప్ మీటింగుల్లో నీ ఫోటో కనపడితే కుళ్ళుకునేదాన్ని, అయినా ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు అంది.

ఊర్మిళ నన్ను చూసి కుళ్ళుకుంది! సిగ్గులేకుండా ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ వెంటనే, కుళ్ళుకోవడంలో కూడా అది నాకన్నా మర్యాదగా కుళ్ళుకుంది కదా అని మళ్ళీ మండింది.

జూన్ 16

ఆదివారం ఎనిమిది దేశాల వాళ్ళకీ ఊర్మిళ మెయిల్ పెట్టింది, నాకూ కాపీ వచ్చింది. బ్రిటన్ డబ్బుతో బ్రిస్టల్లోనే ఉంటున్నాను, ప్రాజెక్టుకి ఇక లీడర్‌ని కాలేను, క్షమించండి అని. జర్మనీ ఆయన చాలా బాధగా ఉందని రాశాడు. ఇటలీ ఆవిడ మేం చిన్నచిన్నగా ఎవరిది వాళ్ళం చేసుకుంటాం అంది. పోలండ్ నుంచి జవాబే లేదు. నాలుగేళ్లు కూర్చుని ఒక్కొక్కరినీ పోగేసిన గుంపు, నాలుగు రోజుల్లో విడిపోయింది.

కారణం ఏమని రాసిందో మూడుసార్లు చదివాను. బ్రెగ్జిట్ అని రాసింది. నా పేరు ఎక్కడా లేదు.

జూన్ 29, బుధవారం

గడువు అయిపోయింది. ఐదు గంటల దాకా మెయిల్ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నాను. హెలెన్ బ్రెగ్జిట్‌ని తిట్టింది. నేనూ తిట్టాను.

జూలై 1

గోడ కొట్టించడం ఆపేశారు. మిగిలిన డబ్బుతో నాకు డీప్ ఫ్రీజర్ కొంటారట. డీన్ స్వయంగా వచ్చి చెప్పాడు. థాంక్స్ చెప్పాను.

జూలై 21

రద్దయినవాళ్ళ చోట కొత్తవాళ్ళని చేర్చి, గ్రాంట్ వచ్చినవాళ్ళ సరిచేసిన జాబితా ఆన్‌లైన్‌లో పెట్టారు. ఊర్మిళ పేరు కొట్టి వెతికాను. లేదు.

తర్వాత నా పేరు కొట్టి వెతికాను.