గట్టిగా దగ్గిన అమ్మ

బంగారు అక్కకి,

నీకు చెప్పనని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను. ఫోనులో అయితే అమ్మ చెవిన పడుతుంది. అమ్మకు క్షయ. కంగారుపడకు, మందులు మొదలయ్యాయి.

నువ్వు పాపతో వచ్చి ఉన్నప్పుడు ఆ దగ్గు విన్నావుగా. గ్రంథాలయంలో పని కాబట్టి పుస్తకాల దుమ్ము పడలేదన్నాడు మొదటి డాక్టరు. సీసాల కొద్దీ దగ్గుమందు తాగించాడు. అమ్మ చిక్కి సగమైంది. రెండో డాక్టరు కఫం పరీక్ష చేయిస్తే, ఏమీ లేదని వచ్చింది. హమ్మయ్య అనుకుని ఇంకొన్ని నెలలు పోగొట్టుకున్నాం.

నాకు అనుమానం తీరక మళ్లీ లాక్కెళ్లాను. ఈసారి అమ్మ కఫం పట్టిన డబ్బా తీసుకుని వెలుతురులో చూశాను. అంతా నురుగే.

"ఇది ఉత్త ఉమ్మి కదమ్మా! కఫం ఏదీ?"

"అంతమంది ముందు కాండ్రించి ఉమ్మమంటావుటే? గ్రంథాలయంలో ఊళ్లోవాళ్లందరి నోళ్లూ మూయించినదాన్ని!"

పోయినసారీ ఇంతేనట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆసుపత్రి వెనక నీళ్ల ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి, నేను అటు తిరిగి నిలబడ్డాను. మొదట పిల్లికూతలాంటి దగ్గు. తర్వాత చూడూ, గోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి! జబ్బు ఆ డబ్బాతోనే బయటపడింది. అంత గర్వం నాకు డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

అసలు సంగతి. నువ్వూ, పాపా పరీక్ష చేయించుకోవాలి. మీ అత్తగారు నిన్ను చులకన చేస్తారని అమ్మ భయం. నాకు పాప ముఖ్యం.

నోరు ఊరుకోని,
నీ చెల్లి

అక్కా,

నీకు రాశానని అమ్మతో చెప్పేశాను. నిన్నంతా నాతో మాట్లాడలేదు. ఈ పొద్దున తనే మీ అత్తగారికి ఫోను కలిపింది.

"వదినగారూ, నాకు క్షయ వచ్చింది. మందులు వాడుతున్నాను, తగ్గుతుంది. ఇక్కడికి వచ్చినప్పుడు అమ్మాయీ, పాపా నా గదిలోనే పడుకున్నారు. వాళ్లను మీరే దగ్గరుండి పరీక్షకు తీసుకెళ్లాలి. ఏమైనా అనాలంటే నన్ను అనండి, పిల్లను కాదు."

గొంతు వణకలేదే! నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ అమ్మే అంది.

"అయ్యో, మీరు ఏడిస్తే ఎలా వదినగారూ! ఆఁ... ఇప్పుడే పరీక్షకు బయల్దేరతారా? సరే, పాపని మీరే ఎత్తుకోండి."

ఫోను పెట్టేసి నామీద విరుచుకుపడింది. "ఉత్తరమేమిటే, చదువుకున్నదానా? అది ఎప్పటికి చేరేను? ఇంకెన్నాళ్లు ఆలస్యం చేద్దామని!"

ఆ తిట్లు తింటూ నవ్వుతూ రాస్తున్నాను.

ఆవిడ కూతురు,
నీ చెల్లి