గింజల అవతలి చప్పుడు

ప్రియమైన అక్కకి,

మీ ఇంట్లో వెనక గది ఖాళీ చేయించు. వచ్చే వారం వచ్చేస్తున్నాను. ఎందుకని ఫోన్లో అడగకు, ఇందులోనే రాస్తున్నాను. నీ మరిది కొట్టలేదు, తిట్టలేదు. నేను చెప్పేది వినడు, అంతే. నా పని నీకు తెలుసు కదా. ఎలా పడితే అలా ఒత్తుగా పేరుకున్న గింజల్లోంచి చప్పుడు ఎలా దాటుతుందో ప్రయోగశాలలో కొలుస్తాను. ఆదివారం బియ్యం బస్తాకి ఒక పక్క తనని చెవి ఆనించమన్నాను. రెండో పక్క చెంచాతో టకటకా కొడితే ఏమీ రాదు. సన్నటి చప్పుడు గింజ గింజకీ తగిలి చెదిరిపోతుంది. పిడికిలితో ఆగి ఆగి గుద్దితే మాత్రం, ఒకదాన్నొకటి ఆనుకున్న గింజల వెంట అవతలికి చేరుతుంది. నేనిదంతా చెబుతుంటే తన చూపు ఫోన్ మీదే. "ఊఁ... ఇంతకీ బస్తా ఏమంటోంది? నా మీద చాడీలా?" అన్నాడు. నవ్వు రాలేదక్కా. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస. గోడతో కాపురం చేయడం ఇక నా వల్ల కాదు.

నీ చిట్టి

అక్కా,

బతికే ఉన్నాడు. ఆ ముక్క ముందు చదివి, కూర్చుని మిగతాది చదువు.

నిన్న మధ్యాహ్నం నీ మరిది తను పనిచేసే చోట, ఇనుప గాదెలో గట్టిపడిన మొక్కజొన్నను పొడవడానికి దిగాడు. కాళ్ళ కింద గింజల పెచ్చు విరిగి లోపలికి పడిపోయాడు. పైన గింజలు కప్పేశాయి. కబురందగానే స్టెతస్కోపులాంటి నా పరికరం తీసుకుని పరిగెత్తాను. గాదె మీద జనం ఈలలు వేస్తున్నారు, పేరు పెట్టి అరుస్తున్నారు.

"ఎంత పిలిచినా పలకడం లేదమ్మా," అన్నాడు మేనేజరు నా మొహం చూడకుండా. "కింది తలుపు తీసి గింజలన్నీ వదిలేస్తాం. మనిషైనా దక్కుతాడు."

దక్కేది మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. విరిగిన పెచ్చు కింద ఊపిరాడేంత ఖాళీ మిగిలి ఉంటే, గింజలు జారగానే అదీ పూడిపోతుంది.

"తీయొద్దు. ఫ్యాన్లు ఆపండి, ఈలలు ఆపండి. అవి తనదాకా పోవు, తన కేకలు మనదాకా రావు."

"ఆలస్యమై ఏమైనా అయితే ఎవరిదమ్మా బాధ్యత?"

"నాది."

అన్నాను గానీ, కేకలు వేసి వేసి ఉన్న గాలి కాస్తా అయిపోయి ఉంటే? గోడకి పరికరం ఆనిస్తూ గాదె చుట్టూ తిరిగాను. ఏమీ లేదు. మేనేజరు చెయ్యి తలుపు చక్రం మీదే ఉంది. వెనక వైపుకి వచ్చాక, ఒక గుద్దు వినిపించింది. ఆగి, ఇంకొకటి. ఆగి, మరొకటి.

పైనుంచి సరిగ్గా అటువైపే రేకులు కంచెలా దించి, వాటి మధ్య గింజలు తోడి, తనని బయటికి లాగారు.

ఆసుపత్రిలో అడిగాను, అరవలేదా అని.

"అరిస్తే రాదన్నావుగా, చెంచాలాగా," అన్నాడు పీల్చిన పొట్టుకి దగ్గుతూ. "ఆగి ఆగి గుద్దాలన్నావు."

"అప్పుడు ఫోన్ చూస్తున్నావుగా!"

"చూస్తూనే విన్నాను. ఊఁ అన్నానుగా?"

వెనక గదిలో నీ సామాను మళ్ళీ సర్దేసుకో అక్కా. ఇంటికొచ్చాక ఆ ఫోన్ని మాత్రం బియ్యం బస్తాలో పాతేస్తాను.

నీ చిట్టి